ట్రాక్ కోసం పాత కారు: మియాటా, ఈ30, 944లలో ఎవరికి ఏది, ముందు దేనికి ఖర్చు

ముప్పై, ముప్పై అయిదేళ్ల కారుని ట్రాక్ మీద తోలాలని సరదా పడే వాళ్లు అమెరికాలో తిరిగి తిరిగి మూడు పేర్ల దగ్గర ఆగుతారు. మొదటి తరం మాజ్దా మియాటా (1989–97), బీఎండబ్ల్యూ ఈ30లో (1980ల 3 సిరీస్) 325ఐ, పోర్షా 944. మూడూ వెనక చక్రాలతో నడిచేవే, మూడింటికీ మాన్యువల్ గేర్‌బాక్స్ ఉంది. మూడింటికీ సొంత రేసు తరగతులు కూడా ఉన్నాయి. అందువల్ల ఏ భాగం ఎన్ని గంటలు తట్టుకుంటుందో, ఏది ముందు విరుగుతుందో రేసులాడేవాళ్లు ఎప్పుడో తేల్చి పెట్టారు. ఆ అనుభవం ఎంత అక్కరకొస్తుందో కారు కొన్నాకే తెలుస్తుంది.

హార్స్‌పవర్ చూసి మాత్రం ఎంచుకోకండి. ఈ వయసు కార్లలో ప్రతిదానికీ ట్రాక్ మీద బయటపడే జబ్బు ఒకటుంటుంది. మియాటాది వేడి, ఈ30ది బెల్టూ గేర్లూ, 944ది ఆయిలు. ఈ మూడింటిలో ఏ జబ్బుకి మీ దగ్గర ఓపిక, పనిముట్లు, డబ్బు ఉన్నాయో చూసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

## ముందు తూచాల్సినవి

బరువు. కారు ధర ఒక్కసారి కట్టేది. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, రోటర్లు (ప్యాడ్లు పట్టుకునే డిస్కులు) మాత్రం తోలినన్నాళ్లూ కొంటూనే ఉండాలి, వాటి ఖర్చంతా బరువుని బట్టే ఉంటుంది. అదే వేగం నుంచి ఆపాలంటే 20 శాతం బరువెక్కువున్న కారులో బ్రేకులు 20 శాతం ఎక్కువ వేడిని మింగాలి. వేగం ప్రభావం ఇంకా ఎక్కువ: వేగం 25 శాతం పెరిగితే వేడి 56 శాతం పెరుగుతుంది. ఇంజిన్ పవర్ పెంచితే బ్రేకుల ఖర్చు కూడా పెరగడానికి కారణం ఇదే.

ఇంజిన్ ఎలా చస్తుంది. టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకి తగిలే ఇంజిన్లు కొన్ని, తగలనివి కొన్ని. మొదటి రకంలో ఒక రబ్బరు బెల్టు మీద ఇంజిన్ మొత్తం ఆధారపడి ఉంటుంది. కొనేటప్పుడు బెల్టు ఎప్పుడు మార్చారో చెప్పే రసీదు లేకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి.

ట్రాక్ తీరు. ఆస్టిన్ దగ్గర సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ 5.513 కిలోమీటర్లు, 20 మలుపులు. పదకొండో మలుపు నుంచి పన్నెండో మలుపు దాకా దాదాపు కిలోమీటరు తిన్నని దారి. అక్కడ మియాటా మెల్లగా ఉన్నట్టనిపిస్తుంది కానీ బ్రేకులు చల్లగా ఉంటాయి, బరువైన కార్లు ప్యాడ్లు కరిగించుకుంటాయి. కాలిఫోర్నియాలో లగూనా సెకా 3.6 కిలోమీటర్లే, అక్కడ ఇబ్బంది శబ్దంతో. చాలా రోజుల్లో పరిమితి 90 లేదా 92 డెసిబెల్స్ మాత్రమే, కాబట్టి గోల చేసే ఎగ్జాస్ట్ వేసుకుని వెళ్తే నల్ల జెండా చూపించి బయటికి పిలుస్తారు.

ఇంటికి ఎలా వస్తారు. కారుని ట్రైలర్ మీద తెస్తారా, అదే కారులో వచ్చి అదే కారులో సోమవారం ఆఫీసుకి వెళ్తారా? రెండోదైతే గట్టి బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని తొడుగులు), అరిచే ప్యాడ్లు, తీసేసిన ఏసీ మీ రోజువారీ బతుకులోకి వచ్చి కూర్చుంటాయి. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకి స్మాగ్ (పొగ) పరీక్ష ఉంది, కాబట్టి బే ఏరియాలో ఉండేవాళ్లు క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోకూడదు, ఇంజిన్ మార్పిడి మాట తలపెట్టే ముందే ఆ నిబంధనలు చదవాలి.

మీ ఎత్తు. దీన్ని చాలామంది ఆఖర్న చూసుకుంటారు. నిజానికి మొట్టమొదట చూడాల్సింది ఇదే, కారణం కింద మియాటా దగ్గర చెప్తాను.

| | మియాటా 1.8 (1994–97) | ఈ30 325ఐ (అమెరికాలో 1987–91) | 944, 8 వాల్వులది |
|---|---|---|---|
| ఇంజిన్ | 4 సిలిండర్లు, 1.8 లీటర్లు | వరసగా 6 సిలిండర్లు, 2.5 లీటర్లు | 4 సిలిండర్లు, 2.5 లీటర్లు (1989లో 2.7) |
| శక్తి (హార్స్‌పవర్) | 128–133 | 168 | 143–162 |
| బరువు, సుమారుగా | 1,040 కిలోలు | 1,250 కిలోలు | 1,270 కిలోలు |
| బెల్టు తెగితే | ఇంజిన్ బతుకుతుంది | వాల్వులు, రాకర్లు పోతాయి | వాల్వులు వంగుతాయి |
| ట్రాక్ మీద అసలు గండం | వేడి | గేరు తప్పడం, వేడికి హెడ్ పగలడం | రెండో రాడ్ బేరింగ్ |
| టైర్లు | 205/50ఆర్15 | 205/50ఆర్15 | 225/50ఆర్16 |
| వీల్ నట్లు, బోల్టుల బిగింపు | సుమారు 110 న్యూటన్ మీటర్లు | సుమారు 110 | 130 |
| క్లచ్ మార్చడం | ఇంటి గ్యారేజీలో ఒక రోజు | ఇంటి గ్యారేజీలో ఒక రోజు | వెనక భాగమంతా దించాలి |
| వెనక సీటు | లేదు | పెద్దవాళ్లకి సరిపోతుంది | పిల్లలకి మాత్రమే |

## మియాటా

ఇందులోనే రెండు రకాలున్నాయి, ముందు వాటి మధ్య తేల్చుకోవాలి. 1990–93 మోడళ్లలో 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. 1994 నుంచి 1.8. ట్రాక్ కోసమే కొంటుంటే 1.8 కొనండి. తేడా ఇంజిన్‌లో కన్నా దాని వెంట వచ్చిన సామాన్లలో ఉంది. ముందు రోటర్లు 235 మి.మీ. నుంచి 255 మి.మీ.కి పెరిగాయి, బలాన్ని వెనక చక్రాలకి పంచే డిఫరెన్షియల్‌లో రింగ్ గేరు 6 అంగుళాల నుంచి 7 అంగుళాలైంది, కొన్నిటికి పట్టున్న చక్రానికి ఎక్కువ బలం మళ్లించే టార్సెన్ డిఫరెన్షియల్ కూడా వచ్చింది. 1.6లో ఆ చిన్న డిఫరెన్షియల్ మంచి టైర్లు, కాస్త ఎక్కువ పవర్ కలిస్తే పళ్లు రాలుస్తుంది. దాని బదులు 1.8ది వేయాలంటే డిఫరెన్షియల్ ఒక్కటీ చాలదు, యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు కూడా 1.8వే తెచ్చుకోవాలి.

ఇప్పటికే 1.6 ఇంట్లో ఉంటే కంగారు అక్కర్లేదు. బ్రేకులు పెంచడం తేలిక: 1.8 రోటర్లు, వాటి క్యాలిపర్ బ్రాకెట్లు తెచ్చి బిగిస్తే పాత క్యాలిపర్లే సరిపోతాయి. అయితే 1990, 1991 తొలి కార్లలో క్రాంక్‌షాఫ్ట్ ముక్కు పొట్టిది. ముందున్న పుల్లీ బోల్టు వదులై, కీ అరిగి, పుల్లీ ఊగడం మొదలవుతుంది, చివరికి క్రాంక్ పాడైపోతుంది. గుర్తు పట్టడానికి బానెట్ తెరిచి క్రాంక్ పుల్లీ ముందు భాగం చూడండి. నాలుగు గాడులుంటే పొట్టి ముక్కు, ఎనిమిదుంటే పొడుగు ముక్కు. నాలుగు గాడుల కారుని ట్రాక్ కోసం కొనకండి.

ఇక వేడి సంగతి. ఈ ఇంజిన్ వంశం ముందు చక్రాలతో నడిచే కార్ల కోసం అడ్డంగా కూర్చునేలా పుట్టింది. మియాటాలో దాన్ని నిలువుగా పెట్టినప్పుడు థర్మోస్టాట్‌ని ముందుకి తెచ్చారు. దాంతో నీళ్లు ముందునుంచే లోపలికి వెళ్లి ముందునుంచే బయటికొస్తాయి. అన్నిటికన్నా వెనకున్న నాలుగో సిలిండర్ చుట్టూ ప్రవాహం తగ్గుతుంది. రోడ్డు మీద ఇది ఎవరికీ తెలియదు. ఎండాకాలం టెక్సస్‌లో 20 నిమిషాల సెషన్లో తెలుస్తుంది. విరుగుడు పనులు ఈ వరసలో చేయండి:

- రేడియేటర్ కింద ఉండే ప్లాస్టిక్ పళ్లెం ఉందో లేదో చూడండి. ఆయిల్ మార్చినప్పుడు ఎవరో తీసి తిరిగి పెట్టని కార్లు కోకొల్లలు. అది లేకపోతే గాలి రేడియేటర్లోంచి కాకుండా కిందనుంచి జారిపోతుంది.
- పాత రేడియేటర్ మీది ప్లాస్టిక్ ట్యాంకు నల్ల రంగు పోయి గోధుమ రంగుకి తిరిగితే రోజులు దగ్గరపడ్డట్టే. అల్యూమినియంది వేయండి.
- రేడియేటర్ పక్కల, పైన ఉన్న ఖాళీలని ఫోమ్‌తోనో అల్యూమినియం రేకుతోనో మూసేయండి. అన్నిటికన్నా చవకగా అయ్యే పని, ఫలితం మాత్రం వెంటనే కనిపిస్తుంది.
- ఇవన్నీ చేశాక కూడా ముల్లు పైకి పాకుతుంటే అప్పుడు కూలెంట్ రీరూట్ కిట్. అది నీళ్లు బయటికొచ్చే దారిని ఇంజిన్ వెనక వైపుకి మారుస్తుంది. టర్బో వేసే ఆలోచన ఉంటే మాత్రం దీన్ని ముందే చేయాలి.

1995 నుంచి ఫ్యాక్టరీ ఆయిల్ ప్రెషర్ గేజీ నిజంగా కొలిచేది కాదు. ప్రెషర్ ఉందా లేదా అని మాత్రమే తెలిసే స్విచ్ దాని వెనక ఉంటుంది, ముల్లు మధ్యలో నిలబడి ఉంటుంది. ట్రాక్‌కి వెళ్లే కారుకి విడిగా సెన్సర్, గేజీ పెట్టుకోవాలి.

సస్పెన్షన్ నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్, ఈ మూడింటిలో అలైన్‌మెంట్ కుదర్చడం దీనికే తేలిక. ముందు కాంబర్ (చక్రం పైభాగం ఒరిగే కోణం, మైనస్ అంటే లోపలికి) మైనస్ 2.5 నుంచి 3 డిగ్రీలు, వెనక మైనస్ 2 నుంచి 2.5, ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) సున్నా అని చెప్పండి. ఒక్కటే చిక్కు. కాంబర్ సవరించే ఎక్సెంట్రిక్ బోల్టులు తుప్పు పట్టి బుష్ లోపలి స్లీవుకి అతుక్కుపోతాయి. అలైన్‌మెంట్ షాపువాడు స్పానర్ వేసి తిప్పితే బోల్టు తిరగదు, రబ్బరు మెలి పడుతుంది. ఉప్పు చల్లే రాష్ట్రాల కార్లలో వాటిని రంపంతో కోసి తీయక తప్పదు, కాబట్టి అపాయింట్‌మెంట్‌కి ముందే ఇంట్లో ఒక్కో బోల్టు కదిలిస్తూ చూసుకోండి. షాక్స్ మార్చేటప్పుడు రెండో తరం మియాటా టాప్ మౌంట్లు వేస్తే సస్పెన్షన్‌కి ఇంకాస్త ప్రయాణం దొరుకుతుంది. మొదటి తరం కార్లు కిందకి దించితే తొందరగా బంప్‌స్టాప్ (ప్రయాణం ఆఖర్న ఆపే దిమ్మ) మీద కూర్చుంటాయి.

ఇప్పుడు ఎత్తు సంగతి. పైకప్పు తెరుచుకునే కార్లకి రోల్ బార్ (కారు పల్టీ కొడితే తలని కాపాడే ఉక్కు కమ్మీ) ఉండాలని చాలా ట్రాక్ నిర్వాహకుల నిబంధన. ఫ్యాన్సీగా కనిపించే స్టైల్ బార్లు లెక్కలోకి రావు. బార్ ఉన్నా పరీక్ష ఒకటుంటుంది: విండ్‌షీల్డ్ పై అంచు మీద నుంచి రోల్ బార్ పై అంచు దాకా ఒక కర్ర పెడతారు, హెల్మెట్ పెట్టుకుని కూర్చున్న మీ తల ఆ కర్రకి తగలకూడదు. ఆరడుగుల మనిషికి ఫ్యాక్టరీ సీటుతో ఇది కుదరదు. సీటు అడుగు ఫోమ్ కొంత కోసి తీయడమో, పట్టాల మీద కాకుండా నేల మీదే బిగించే పలచటి బకెట్ సీటు వేయడమో చేయాలి. ఆరడుగుల రెండంగుళాలు దాటినవాళ్లు కొనే ముందే హెల్మెట్ పట్టుకెళ్లి కూర్చుని చూడండి.

తుప్పు కోసం తలుపు వెనక, వెనక చక్రం ముందు ఉన్న సిల్ చివర చూడండి. పైకప్పు నీళ్లు దిగే గొట్టాలు ఆకులతో పూడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. రంగు పొంగి ఉంటే లోపల రేకు ఇప్పటికే పోయింది.

## ఈ30 325ఐ

నలుగురు కూర్చుని హైవే మీద హాయిగా ట్రాక్ దాకా వెళ్లి, రోజంతా తోలి, అదే కారులో తిరిగొచ్చే సౌకర్యం ఈ ముగ్గురిలో దీనికే ఉంది. స్టీరింగ్ అనుభూతి, ఆరు సిలిండర్ల శబ్దం కోసం దీన్ని ప్రేమించేవాళ్లని తప్పు పట్టలేం. ఒక్క జాగ్రత్త: 325ఈ అని ఇంకోటుంది. 2.7 లీటర్లే అయినా 121 హార్స్‌పవర్, తక్కువ ఆర్‌పీఎంలో పొదుపుగా నడవడానికి చేసిన ఇంజిన్. ధర తక్కువని దాన్ని తెచ్చుకుంటే ట్రాక్ మీద నిరాశే.

325ఐలో ఉండే ఎం20 ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు 60,000 మైళ్లకో నాలుగేళ్లకో, ఏది ముందైతే దానికి. ట్రాక్ కారు మైళ్లు తిరగదు కాబట్టి ఏళ్లే లెక్క. బెల్టుతో పాటు టెన్షనర్, వాటర్ పంపు కూడా మార్చేయండి. వాల్వ్ క్లియరెన్స్ చేత్తో సరిచేయాలి, చల్లగా ఉన్నప్పుడు 0.25 మి.మీ. ఒకసారి బాగా వేడెక్కనిస్తే హెడ్ పగిలే అలవాటు ఉంది, కాబట్టి కూలెంట్ నింపాక కారు ముక్కు ఎత్తి పెట్టి గాలంతా పోయేదాకా బ్లీడ్ చేయాల్సిందే.

ఈ కారులో ఇంజిన్లు ఎక్కువగా పోయేది గేరు తప్పడం వల్ల. మూడు నుంచి నాలుగుకి వేయబోయి రెండులో పడుతుంది. నాలుగూ రెండూ రెండూ వెనక్కి లాగే గేర్లే కదా. ఇంజిన్ మౌంట్లు, గేర్‌బాక్స్ మౌంట్లు, షిఫ్టర్ బుష్‌లు అరిగి ఉంటే గట్టి మలుపులో ఇంజినూ గేర్‌బాక్సూ ఒక పక్కకి ఒరుగుతాయి, మీ చేతికి తెలిసిన చోట గేరు ఉండదు. క్లచ్ వదలగానే ఆర్‌పీఎం ముల్లు ఎర్ర గీత దాటిపోతుంది, వాల్వులని నొక్కే రాకర్లు విరుగుతాయి. కొత్త మౌంట్లు, కొత్త షిఫ్టర్ బుష్‌ల ఖర్చు ఒక హెడ్ పనిలో చిన్న వంతు. బ్రేకుల తర్వాత ఈ కారుకి చేయాల్సిన పని ఇదే. ప్రొపెల్లర్ షాఫ్టుకి గేర్‌బాక్స్ దగ్గరుండే గుయిబో అనే రబ్బరు కప్లింగ్ కూడా అప్పుడే చూసేయండి, పగుళ్లు కనిపిస్తే మార్చండి.

సస్పెన్షన్ మియాటా అంత మర్యాదగా మాట వినదు. ముందు కాంబర్ సవరించే ఏర్పాటే ఫ్యాక్టరీ ఇవ్వలేదు, కాంబర్ ప్లేట్లు వేయాలి. వెనక సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్‌లు. కారు కిందకి దించినకొద్దీ వెనక కాంబర్ తనంతట తనే పెరుగుతుంది, టో కూడా మారుతుంది. దాన్ని సరిచేయాలంటే సబ్‌ఫ్రేమ్‌కి సవరించే చెవులు వెల్డింగ్ చేయించాలి. అందుకే ఈ30ని మరీ దించకండి. ముందు కంట్రోల్ ఆర్మ్ వెనక బుష్‌లకి ఈ30 ఎం3వి, మధ్యనుంచి పక్కకి జరిపినవి వేస్తే క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి ఒరిగిన కోణం) పెరిగి ముందు భాగం పట్టు బాగుంటుంది. గట్టి యాంటీ రోల్ బార్ వేసే ముందు మాత్రం అది బాడీకి బిగుసుకునే రేకు చెవులని బలపరచాలి. ఫ్యాక్టరీవి చిరిగిపోతాయి.

మాట దాచకుండా చెప్పాలంటే, మంచి 325ఐ ఇప్పుడు దాచుకునేవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయింది. తుప్పులేని, రెండు తలుపుల, అసలు రంగు కారు దొరికితే దాన్ని కోయడానికి నా మనసు ఒప్పదు. ట్రాక్ కోసం కొనేవాళ్లు ముందే ఎవరో సీట్లు తీసేసినదో, సన్‌రూఫ్ చుట్టూ తుప్పుందని బేరం తగ్గినదో, నాలుగు తలుపులదో వెతకండి. ట్రాక్ మీద రెండు తలుపులు తోలినా నాలుగు తలుపులు తోలినా తేడా తెలియదు.

## పోర్షా 944

ముందు ఇంజిన్, వెనక గేర్‌బాక్స్. బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. వేగంగా పోయే పొడుగాటి మలుపుల్లో ఈ మూడింటిలో నమ్మకంగా నిలబడేది ఇదే. నాలుగు చక్రాలకీ వెంటిలేటెడ్ డిస్కులు. గట్టి పైకప్పు కాబట్టి రోల్ బార్ లేకుండా కూడా మొదటి రోజులు నడిచిపోతాయి. ధర చూసి చాలామంది ఆశపడతారు. నిర్వహణ మాత్రం పోర్షాదే.

మొదటి సంగతి రెండో రాడ్ బేరింగ్, అంటే రెండో పిస్టన్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండేది. పొడుగాటి మలుపులో ఆయిల్ సంప్‌లో (ఇంజిన్ అడుగు తొట్టి) ఒక పక్కకి చేరుతుంది, ఆయిల్ లాగే పికప్ గొట్టం గాలి పీలుస్తుంది, బేరింగ్‌కి ఆయిల్ అందదు. ఒక్క సెకను చాలు. ఆస్టిన్ ట్రాక్‌లో 16, 17, 18 మలుపులు కలిసి ఒకే పెద్ద వంపులా సాగుతాయి. ఇలాంటి చోటే గండం. చేయాల్సినవి: ఆయిల్ ఎప్పుడూ డిప్‌స్టిక్ పై గీత దాకా, ట్రాక్ రోజున అర లీటరు ఎక్కువ. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్. సంప్ దించినప్పుడు ఆయిల్ పక్కకి పోకుండా ఆపే బ్యాఫిల్ రేకు, అప్పుడే రాడ్ బేరింగులు కొత్తవి. 200 ట్రెడ్‌వేర్ టైర్లు (ఈ అంకె తగ్గినకొద్దీ టైరు త్వరగా అరుగుతుంది) దాటి గాళ్లు లేని స్లిక్కుల దాకా వెళ్లాలనుకుంటే అక్యుసంప్ తప్పనిసరి అనుకోండి. ప్రెషర్ పడిపోగానే ఒత్తిడిలో నిల్వ ఉంచిన ఆయిల్‌ని అది ఇంజిన్‌లోకి తోస్తుంది. ఇంజిన్ వేడెక్కాక 4,000 ఆర్‌పీఎం దగ్గర ప్రెషర్ ముల్లు 4 బార్ పైన నిలబడాలి. మలుపులో అది ఒక్కసారి ఊగినా సెషన్ ఆపి బయటికి రండి.

రెండోది బెల్టులు. టైమింగ్ బెల్టు ఒకటి, బ్యాలెన్స్ షాఫ్టు బెల్టు ఇంకొకటి. రెండూ కొత్తవి వేయడమే కాదు, బిగువు కొలిచే పనిముట్టుతో కుదర్చాలి. వేలితో నొక్కి చూసి సరే అనుకునే బెల్టులు కావివి.

మూడోది క్లచ్. ఫ్యాక్టరీ క్లచ్ డిస్క్ మధ్యలో రబ్బరు ఉంటుంది, వయసు మీద పడి అది చీలిపోతుంది. మార్చాలంటే ఎగ్జాస్ట్ దించి, వెనకున్న గేర్‌బాక్స్ దించి, ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే టార్క్ ట్యూబ్ వెనక్కి జరపాలి. ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకి ఒక వారాంతం పూర్తిగా పోతుంది. కొనేటప్పుడు స్ప్రింగులున్న డిస్క్ వేసిన రసీదు చూపించగలిగితే ఆ కారుకి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

మిగతావి చిన్నవే కానీ తెలిసి ఉండాలి. కూలెంట్ ట్యాంకులో గోధుమ రంగు మీగడ తేలితే ఆయిల్ కూలర్ సీళ్లు పోయినట్టు. 1985 మధ్య నుంచి వచ్చిన అల్యూమినియం కంట్రోల్ ఆర్మ్‌లలో బాల్ జాయింట్ అరిగి బిగుసుకుంటే ఆర్మే విరగొచ్చు, కారు దించితే ఆ ప్రమాదం పెరుగుతుంది. 1987 మోడల్ నుంచి వీల్ ఆఫ్‌సెట్ మారింది కాబట్టి చక్రాలు కొనే ముందు కారు ఏ ఏడాదిదో చూసుకోండి. వెనక కాయిల్ స్ప్రింగుల బదులు మెలి తిరిగే టార్షన్ బార్లు, ఎత్తు మార్చడం సగం రోజు పని కాదు. ఇంజిన్ కంప్యూటర్‌కి, పెట్రోలు పంపుకి కరెంటు ఇచ్చే డీఎంఈ రిలే ఎప్పుడు పోతుందో చెప్పలేం, పోతే కారు స్టార్ట్ కాదు. అరచేతిలో పట్టే ఆ రిలే ఇంకొకటి గ్లోవ్‌బాక్స్‌లో పడేయండి.

టర్బో మోడల్‌కి (1986లో 217 హార్స్‌పవర్) నాలుగు పిస్టన్ల బ్రెంబో బ్రేకులు వచ్చాయి, అసలు వేగం అక్కడుంది. కానీ మొదటి ట్రాక్ కారుగా వద్దు. ఆ వేడి, ఆ గొట్టాలు, ఆ ఖర్చు నేర్చుకునే వయసులో భారం.

## ఏది కొన్నా పనుల వరస ఇదే

ముందు రబ్బరు. కూలెంట్ గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, బెల్టులు, బ్రేక్ గొట్టాలు. పాత బ్రేక్ గొట్టం బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి దారి మూసేస్తుంది. స్టీలు అల్లికవి వేయండి.

తర్వాత బ్రేక్ ఫ్లూయిడ్. మామూలు డాట్ 4కి కొత్తగా ఉన్నప్పుడు ఉడికే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు, తేమ పట్టాక 155. ట్రాక్ కోసం చేసిన మోతుల్ ఆర్‌బీఎఫ్ 600కి కొత్తగా ఉన్నప్పుడు 312. అర లీటరు సీసాలు రెండు తెచ్చుకుంటే కారు మొత్తం మార్చడానికి సరిపోతుంది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. సీల్ తీసి ఆరు నెలలు అల్మారాలో ఉన్న సీసాని మళ్లీ వాడకండి.

ప్యాడ్లు ట్రాక్‌వి, రోటర్లు మాత్రం సాదావి. రంధ్రాలున్న రోటర్లు ఆ రంధ్రాల దగ్గరే పగులుతాయి. కొత్త ప్యాడ్లని గంటకి 100 కిలోమీటర్ల నుంచి 20కి పూర్తిగా ఆపకుండా ఎనిమిది, పది సార్లు గట్టిగా బ్రేక్ వేసి, తర్వాత పావుగంట తాకకుండా చల్లారనివ్వాలి. సెషన్ అయ్యాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గేరులో వదిలి చక్రానికి అడ్డు పెట్టండి. ట్రాక్ మీద బ్రేకులు అందకపోతే కారణం పెడల్ చెప్తుంది. మెత్తగా నేల దాకా దిగితే ఫ్లూయిడ్ ఉడికింది. గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడికి ఓడిపోయాయి. మందు వేరు వేరు, ఒకదానికి ఇంకోటి మార్చి లాభం లేదు. ప్యాడ్ సగం అరిగాక వేడి ఫ్లూయిడ్‌కి ఇంకా త్వరగా చేరుతుంది, కాబట్టి సగం ప్యాడ్లతో రోజు మొదలుపెట్టకండి.

టైర్లకి 200 ట్రెడ్‌వేర్ చాలు. మియాటాకి చల్లగా 27, 28 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, పిట్‌లోకి రాగానే వేడి మీద కొలిచి 32–34 మధ్యకి తేవాలి. మిగతా రెండింటికీ ఇంకో రెండు పీఎస్‌ఐ. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు తయారైన వారం, ఏడాది. ఆరేళ్లు దాటినవి ఎంత కొత్తగా కనిపించినా ట్రాక్‌కి వద్దు.

సీటు బెల్టు, సీటు విషయంలో ఒక్కటి గట్టిగా చెప్పాలి. మూడు పాయింట్ల ఫ్యాక్టరీ బెల్టు, ఫ్యాక్టరీ సీటు కలిసి పనిచేయడానికి తయారైనవి, వాటితో తోలొచ్చు. రోల్ బార్ లేకుండా హార్నెస్ (రెండు భుజాలనీ కట్టేసే రేసు బెల్టు) మాత్రం వద్దు. కారు పల్టీ కొట్టి పైకప్పు కుంగితే హార్నెస్ మిమ్మల్ని నిటారుగా కట్టేసి ఉంచుతుంది, పక్కకి ఒరిగే వీలుండదు. హెల్మెట్ మోటార్‌సైకిల్‌ది కాకుండా కారు రేసుల కోసం పరీక్షించిన ఎస్‌ఏ2020 ముద్రది లేదా ఆ తర్వాతిది తీసుకోండి. మామూలు కారు ఇన్సూరెన్సు ట్రాక్ మీద జరిగినదానికి సాధారణంగా వర్తించదు, రోజువారీ ట్రాక్ పాలసీలు విడిగా దొరుకుతాయి.

ఇవన్నీ అయ్యాక షాక్స్, స్ప్రింగులు, అలైన్‌మెంట్. ఇంజిన్ పవర్ అన్నిటికన్నా చివర. ఒక సీజన్ పూర్తిగా తోలేదాకా దాని గురించి తలపెట్టకండి.

## ఎవరికి ఏది

మొదటిసారి, పనిముట్లు పట్టుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకి, ఎత్తు అడ్డం రాకపోతే, మియాటా 1.8. తప్పు చేసినా బెల్టు తెగినా ఇంజిన్ బతుకుతుంది, సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయి, టైర్లు ఎక్కువ కాలం వస్తాయి. ఒక్కటే వెలితి, పిల్లలున్న ఇంట్లో అది రెండో కారుగానే ఉండాలి.

ఒక్క కారుతోనే అన్నీ జరగాలి, ట్రైలర్ పెట్టుకునే చోటు లేదు, మనిషి పొడుగు అంటే ఈ30. దానికి తగ్గట్టు ఖరీదెక్కువ, బ్రేకుల ఖర్చు ఎక్కువ.

944 ఓపికున్నవాళ్ల కారు. సంప్ దించి బేరింగులు మార్చడం, బెల్టు బిగువు కొలవడం ఇష్టంగా చేసేవాళ్లకి ఈ ధరలో ఇంత చక్కగా కుదిరిన ఛాసిస్ ఇంకోటి లేదు. పని మొత్తం షాపుకి అప్పగించేవాళ్లు మాత్రం దూరంగా ఉండండి. చవక కారు మీద లేబర్ బిల్లు కారు ధరని దాటేస్తుంది.

హైదరాబాద్, విజయవాడల్లో ఉండి చదువుతున్నవాళ్లకి ఈ మూడు కార్లూ అందుబాటులో ఉండవు. ఇక్కడ చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకి తీసుకెళ్లడానికి పాత మారుతి ఎస్టీమ్, మొదటి తరం హోండా సిటీ వీటెక్ సరైన జత. పైన చెప్పిన రబ్బరు, ఫ్లూయిడ్, ప్యాడ్, టైర్ల వరస వాటికీ మార్చకుండా వర్తిస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రోడ్డు మీద తిరిగే కారులో ఫ్యాక్టరీ వివరాలని మార్చే పనులని అడ్డుకుంటుంది కాబట్టి ఇంజిన్ మార్పిడి, బాడీ కోత లాంటివి ట్రాక్‌కే పరిమితమైన, లారీ మీద తరలించే కారుకే పెట్టుకోండి.

కొనే రోజున కంప్రెషన్ గేజీ వెంట తీసుకెళ్లండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటకూడదు, దాటితే లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి నింపి ఎంత కారుతుందో చూసేది) కూడా చేయించండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్తామని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామనండి. ప్లగ్గులు విప్పి చూడనివ్వని కారుని, ఎంత తక్కువకిస్తామన్నా వదిలేయండి.